పై వాటా అమ్మాయి ఇంటిని కాన్పుకు సిద్ధం చేసిన ఆదివారం

మా పై వాటాలో అద్దెకున్న అమ్మాయికి ఏడో నెలలో శ్రీమంతం ఘనంగానే జరిగింది. గాజులు తొడిగారు, చలిమిడి పెట్టారు, పండ్లతో ఒడి నింపారు. వచ్చిన కానుకలన్నీ అట్టపెట్టెల్లోనే మంచం కిందికి చేరాయి. వాటిలో గోడ గడియారాలు మూడు, ఒకే కొలత వెండి గిన్నెలు రెండు ఉన్నాయి కానీ, పసిబిడ్డను చుట్టడానికి పనికివచ్చే గుడ్డ ఒక్కటి కూడా లేదు.

తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆనవాయితీ. కానీ ఆ అమ్మాయికి తల్లి లేదు. తండ్రి పులివెందుల దగ్గరి పల్లెలో ఒంటరిగా అరటి తోట చూసుకుంటున్నారు. భర్త ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. కాబట్టి కాన్పు కడపలోనే అని నిర్ణయమైంది. ఒకనాటి సాయంత్రం నేను పైకి వెళ్లేసరికి, ఆ అమ్మాయి స్టూలు ఎక్కి అటక మీది బిందె అందుకోబోతూ ఉంది. నేను కేకవేసి దింపాను. ఆ రాత్రే, ఆమెకు కావలసింది మరొక వేడుక కాదని, ఒక పూట పది చేతులు కలిసి పనిచేయడమని అనిపించి, ఉగాదికి రెండు వారాల ముందు వచ్చే ఆదివారం ఇరుగుపొరుగును పిలవాలని అనుకున్నాను.

జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆమె అత్తగారు మొదట ఒప్పుకోలేదు. ఎనిమిదో నెలలో శుభకార్యం చేయరాదని, పుట్టని బిడ్డకు ఏదీ అమర్చిపెట్టకూడదని ఆమె పట్టు. "ఇది శుభకార్యం కాదు వదినా, ఉగాదికి ఎటూ ఇల్లు దులుపుకోవలసిందే కదా, ఈసారి అందరం కలిసి దులుపుతాం" అన్నాను. కొత్త బట్టలు కొనబోమని, ఉయ్యాల కట్టబోమని మాట ఇచ్చిన తరువాత ఆమె మెత్తబడ్డారు. ఆ రెండు షరతులూ నాకు భారమనిపించలేదు. పసివాడికి కొత్త గుడ్డకంటే పాతదే మెత్తన.

పిలిచినవారికి ఒకటే చెప్పాను: చదివింపులు తేవద్దు, పాత నూలు చీర ఒకటి, మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తెండి. ఎనిమిది మంది చాలని నేననుకుంటే, పద్నాలుగు మంది వచ్చారు. ఇది నా లెక్క తప్పు. రెండు గదుల ఇంటిలో పద్నాలుగు మంది ఉంటే, పనికన్నా ఒకరినొకరు తప్పుకోవడమే ఎక్కువవుతుంది. ఉదయం ఉగ్గాని, బజ్జి. మధ్యాహ్నం రాగిసంగటి, పప్పు, శెనక్కాయల చట్నీ పెట్టాను. కారం దోసె పెట్టకపోవడం కడపకే అవమానమని ఎదురింటాయన అన్నారు కానీ, దోసెలు పోస్తూ నిలబడితే ఇంటిపని చూసేదెవరు?

ఆరోజు అందరికంటే ముందు వచ్చినది మా పక్కింటి ముస్లిం అక్క. "పుట్టింటివాళ్లు ఆలస్యంగా వస్తే బాగుండదు" అంటూ కొంగు దోపుకొని చీపురు అందుకున్నారు. ఉగాదినాడు దేవుని కడపలో ముస్లింలు వేంకటేశ్వరుని దర్శించుకోవడం, ఆయన దేవేరి బీబీ నాంచారిని తమ ఇంటి ఆడబిడ్డగా తలచి కానుకలు సమర్పించడం తెలిసిన మా ఊరివారికి ఆ మాటలో వింత ఏమీ తోచదు. తల్లిలేని పిల్లకు ఎవరు పుట్టింటివారన్న ప్రశ్న ఆమె అడగనే లేదు.

నా సొంత పొరపాటు పొత్తిగుడ్డల దగ్గర బయటపడింది. మా అత్తగారి నాటి మాధవరం నేత చీరలు మూడు నా ట్రంకుపెట్టెలో ఉండేవి. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన ఆ చీరలను గర్వంగా తెచ్చి పరిచాను. మా వీధిలోనే ఉండే ఏఎన్‌ఎం (ఆరోగ్య కేంద్రం నర్సు) ఒక చీర అంచు ముక్కు దగ్గర పెట్టుకొని, వెంటనే పక్కన పడేసింది. అవి కలరా ఉండల మధ్య ఏళ్ల తరబడి ఉన్న చీరలు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ పసిపిల్లలకు ప్రమాదమని, ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతోనే ఉన్న బిడ్డలకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినా రక్తంలోని ఎర్రకణాలు విచ్ఛిన్నమై కామెర్లు ముదరవచ్చని ఆమె చెప్పింది. బిడ్డకు ఆ లోపం ఉన్నదీ లేనిదీ పైకి చూసి ఎవరూ చెప్పలేరు. నలభై ఏళ్లుగా మా ఇంటి పసిబట్టలన్నీ ఆ ఉండలతోనే దాచాం. తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. అప్పటికప్పుడు నా చీరలను మా ఇంటికి తిప్పి పంపించి, తక్కినవారు తెచ్చినవాటిలో మెత్తనివి మూడు ఏరుకొని, వేడినీటిలో ఉతికి మిద్దె మీద ఆరవేశాం. కడప మార్చి ఎండకు అరగంటలో ఆరాయి. ఐదున్నర మీటర్ల చీరను అర మీటరుకొకటిగా చింపి, ఆ ముక్కను అడ్డంగా మళ్లీ రెండుగా చేస్తే 22 గుడ్డలు వస్తాయి. మూడు చీరలకు 66. జరీ అంచులు, గుచ్చుకునే కుట్లు ముందే తీసివేశాం.

అసలు గొడవ వంటింటిలో జరిగింది. వచ్చినవారిలో ప్రతి ఒక్కరికీ తమ వంటిల్లే సరైన వంటిల్లని నమ్మకం. ఒకరు ఉప్పుడబ్బాను పొయ్యికి ఎడమవైపు పెడితే, మరొకరు దాన్ని తీసి పై అరలో పెట్టారు. అత్తగారు శొంఠి, మిరియాలు, వెల్లుల్లి, బెల్లం, నువ్వులు, రాగిపిండి అన్నింటినీ తన ఎత్తుకు తగిన అరలో వరుసగా సర్దేశారు. ఆమె కోడలికన్నా జానెడు పొడవు. ఇంటి ఇల్లాలు మాత్రం మంచం మీద కూర్చొని, ఎవరు ఏమడిగినా "సరే అక్కా, సరే అత్తా" అంటూ తల ఊపుతోంది. గంట గడిచాక ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు చూశాను. ఏమైందని అడిగితే, "ఏదీ ఎక్కడుందో నాకు తెలియడం లేదక్కా, ఇది మా ఇల్లు లాగా లేదు" అంది.

అప్పుడు అందరినీ ఆపి ఒక కుర్చీని వంటింటి గుమ్మంలో వేయించాను. ఆ అమ్మాయిని అందులో కూర్చోబెట్టి, ఇక ఏ డబ్బా అయినా ఆమె వేలు చూపిన చోటే పెట్టాలని అన్నాను. మొదట మొహమాటపడింది. ఆపైన, ఒంటిచేత్తో బిడ్డను ఎత్తుకున్నప్పుడు రెండో చెయ్యి ఎంతవరకు అందుతుందో తానే చాచి చూపించి, నడుము ఎత్తు అరలో రాగిపిండి, మంచినీళ్ల బిందె, ఫ్లాస్కు పెట్టించుకుంది. పడకగదిలో కూడా అంతే: గుడ్డల మూట మంచానికి కుడివైపు, చిన్న దీపం స్విచ్చు దిండు పక్కన. రాత్రి రెండు గంటలకు కళ్లు మూసుకొని వెతుక్కోవలసింది ఆమెనే కాబట్టి, ఆ ఇంట్లో ఏది ఎక్కడుండాలో మా అనుభవం కాక ఆమె చెయ్యి నిర్ణయించవలసి ఉంది. పిలిచిన నేను ఆ మాట పొద్దున్నే చెప్పి ఉండవలసింది.

మగవాళ్లకు పైపనులు అప్పగించాం. కడప బండల నేల తడిస్తే అద్దంలా జారుతుంది కనుక, స్నానాల గది ముందు గోనెపట్టాలు పరిచారు. గోడ లేని వైపు మెట్ల పక్కన ఇనుప పైపు బిగించారు. నీళ్ల డ్రమ్ములన్నీ కడిగి, వాటికి గుడ్డ కట్టి మూతలు పెట్టారు; డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీటిలో కూడా గుడ్లు పెడుతుంది కాబట్టి ప్రతి శుక్రవారం వాటిని ఖాళీ చేసే బాధ్యత కింద వాటాలో ఉన్న నాదే. ఉయ్యాల కట్టకపోయినా కొక్కెం పరీక్షించవచ్చని అత్తగారు అనుమతి ఇవ్వడంతో, 25 కిలోల బియ్యం సంచిని రాత్రంతా దానికి వేలాడదీసి చూశారు.

అమ్మాయి తండ్రి ఒక అరటి గెల మోసుకొచ్చి, ఏ పనికీ పిలుపు లేక గోడకు ఆనుకొని నిలబడ్డారు. ఆయన సంచిలో పాత స్నానపు పీట ఉంది. కూతురిని పసితనంలో ఆమె తల్లి కాళ్లు చాపి కూర్చొని నీళ్లు పోసిన పీట. పెచ్చులు లేచిన ఆ చెక్కను గరుకు కాగితంతో నున్నగా రుద్దే పని ఆయనకు దొరికింది. సాయంత్రం దాకా మరొకరిని ముట్టుకోనివ్వలేదు.

అత్తగారికీ ఏఎన్‌ఎంకూ రెండు విషయాల్లో వాదన నడిచింది. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలన్న పాత పథ్యం ఈ ఎండల్లో పాలిచ్చే తల్లికి చేటని ఏఎన్‌ఎం గట్టిగా చెప్పింది. బిడ్డను వెల్లకిలా, దిండు లేకుండా చదునైన పక్క మీద పడుకోబెట్టాలని కూడా అంది. అత్తగారు ఎంతో శ్రద్ధగా కుట్టుకొచ్చిన ఆవాల దిండు చివరికి, పాలిచ్చేటప్పుడు తల్లి మోచేతి కిందికి చేరింది.

చీకటి పడేముందు కాన్పు సంచి సర్దాం. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, రక్తపరీక్ష కాగితాలు ఒక కవరులో, 20 గుడ్డలు ఇంకొక కవరులో పెట్టి, తలుపు వెనక మేకుకు తగిలించాం. 108 కాక మా వీధిలోని ఆటో అతని నంబరు కూడా తలుపు మీద సుద్దతో రాశాం.

ఆ సంచి అనుకున్నదానికంటే పన్నెండు రోజులు ముందే అవసరపడింది. భర్త రాత్రి షిఫ్టులో ఉన్నాడు. సంచి ఎక్కడుందని నేను అడగకముందే ఆ అమ్మాయి తలుపు వైపు వేలు చూపింది. ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున పురిటి స్నానం అయ్యాక అత్తగారు స్వయంగా ఉయ్యాల కట్టడానికి పూనుకున్నారు. కొక్కేనికి తాడు వేసి, చీర మడతలు సర్ది, కాసేపు ఆగి, వెనక్కి తిరిగి అడిగారు: "తల ఎటువైపు పెడదామే?"