కంప్రెసర్ ట్రిప్ అయితే ముందు ప్యానెల్‌ని తిట్టకండి

కంప్రెసర్ ట్రిప్ అయితే, అంటే రక్షణ కోసం దానంతటదే ఆగిపోతే, అందరి చూపూ ముందు దాన్ని నడిపే కంట్రోల్ ప్యానెల్ మీదకే పోతుంది. స్క్రీన్ మీద ఏం రాసుందో పూర్తిగా చదవకముందే "కార్డు పోయింది, కొత్తది తెప్పించండి" అని ఎవరో ఒకరు అనేస్తారు. నేను చూసినంతలో కార్డు, అంటే ప్యానెల్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు, పోవడం అరుదు. కేబుల్ లాగిన పద్ధతి, ఎర్తింగ్, తడి, లేదంటే సెట్టింగ్‌లో ఒక తప్పు అంకె, దాదాపు ఎప్పుడూ వీటిలోనే ఏదో ఒకటి బయటపడుతుంది. అందుకే చల్లటి గదుల కోసం అమ్మోనియాని నొక్కే స్క్రూ కంప్రెసర్‌కి ప్యానెల్ బిగించేవాళ్లకీ, రోజూ దాన్ని నడిపేవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నా. మీ మోడల్ మాన్యువల్‌కి ఇది బదులు కాదు, టెర్మినల్ నంబర్లూ సెట్టింగ్ విలువలూ అందులో చూసుకోవాల్సిందే.

ఒక్క విషయం గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ప్యానెల్‌కి కంప్రెసర్ కనపడదు. దానికి తెలిసిందల్లా వైర్ల మీద వచ్చే మిల్లీ ఆంప్స్, ఓమ్స్, ఫలానా కాంటాక్ట్ కలిసిందా విడిపోయిందా అన్నది మాత్రమే. సక్షన్ (గ్యాస్ లోపలికి వచ్చే వైపు) ప్రెషర్, డిశ్చార్జ్ (బయటికి పోయే వైపు) ప్రెషర్, ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్లు, మోటార్ కరెంట్, స్లైడ్ వాల్వ్ (కంప్రెసర్ ఎంత గ్యాస్ నొక్కాలో మార్చే భాగం) ఎక్కడుంది, అన్నీ ఆ దారినే వస్తాయి. వచ్చిన అంకెను అది నమ్ముతుంది. దాన్ని బట్టే లోడ్ చేస్తుంది (పని పెంచుతుంది), అన్‌లోడ్ చేస్తుంది (తగ్గిస్తుంది), అవసరమైతే ఆపేస్తుంది.

ప్యానెల్ ఎక్కడ పెట్టాలన్నది చాలాసార్లు మన చేతిలో ఉండదు, కంప్రెసర్ స్కిడ్ (మోటారూ కంప్రెసరూ కూర్చునే ఇనుప ఫ్రేము) మీదే బిగించి వస్తుంది. అప్పుడు కేబుల్ ఎంట్రీ ఒక్కటే మనం తేల్చుకునే విషయం. పైనుంచి కన్నం పెట్టొద్దు. చల్లటి గదుల వైపు నుంచి వచ్చే కాండ్యుట్‌లో తేమ నీరుగా మారి, పైపు లోపలే జారుకుంటూ వచ్చి, తిన్నగా టెర్మినళ్ల మీద పడుతుంది. బయట నుంచి చూస్తే చుక్క కూడా కనపడదు. కింద నుంచి గానీ, పక్కన కింది భాగం నుంచి గానీ ఎంట్రీ ఇచ్చి, కాండ్యుట్‌లో నీరు కిందికి పోయే దారి పెట్టి, ప్యానెల్‌లోకి వచ్చే చోట సీల్ చేయండి. ఇంకొకటి, కన్నాలు పెట్టేటప్పుడు లోపలి కార్డుల్ని తీసేయండి, కుదరకపోతే గుడ్డ కాదు, మంచి ప్లాస్టిక్ షీటుతో అంచులు టేపు వేసి కప్పండి. డ్రిల్ వేసినప్పుడు రాలే ఇనుప రజను కార్డు మీద పడితే ఆ రోజే ఏమీ కాకపోవచ్చు, తేమ పట్టిన రోజో, కంపనానికి కదిలిన రోజో షార్ట్ చేస్తుంది. అప్పుడు మాత్రం నిజంగానే కార్డు పోతుంది.

సప్లై గురించి. కంట్రోల్ సప్లైని మోటార్ ఫీడర్ నుంచే తీసుకోవడం చూస్తుంటాను. మోటార్ డైరెక్ట్‌గా స్టార్ట్ అయితే మామూలు కరెంట్‌కి ఆరేడు రెట్లు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోతుంది, ప్యానెల్ రీబూట్ అవుతుంది, "స్టార్ట్ చేయగానే ఆగిపోతోంది సార్" అని ఫోన్ వస్తుంది. విడిగా ఒక లైన్, దానికో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తే ఈ గొడవే ఉండదు. ఎర్త్ వైరు కూడా సప్లై వైర్లతో కలిసి రావాలి, మెయిన్ ఎర్త్ బార్ దాకా మధ్యలో తెగకుండా పోవాలి. కాండ్యుట్ పైపునో స్కిడ్ ఇనుమునో ఎర్త్ అనుకుని వదిలేస్తే, పెయింట్ మీద బోల్టు, దాని మీద తుప్పు, ఇదీ మీ ఎర్తింగ్.

ఇక సిగ్నల్ కేబుళ్లు. ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే "ఊరికే ట్రిప్ అవుతోంది, ఎందుకో తెలియట్లేదు" అనే కేసులు ఎక్కువగా ఇక్కడివే. సెన్సర్ల నుంచి వచ్చే డీసీ వైర్లు, సొలెనాయిడ్లకీ (కరెంట్‌తో పనిచేసే వాల్వులు) కాంటాక్టర్లకీ (మోటార్‌కి కరెంట్ కలిపే పెద్ద స్విచ్‌లు) పోయే ఏసీ వైర్లు ఒకే కాండ్యుట్‌లో పోకూడదు. దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటించండి, పక్కపక్కన పడుకోబెట్టకండి. వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) నుంచి మోటార్‌కి వెళ్లే కేబుల్‌కైతే వీలైనంత దూరం. సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయాలి, సాధారణంగా ప్యానెల్ వైపు. రెండో చివర కత్తిరించి టేపు చుట్టేయండి. రెండు చివర్లా కలిపితే రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న తేడా వల్ల షీల్డ్‌లోనే కరెంట్ పారుతుంది, రక్షణగా పెట్టిందే నాయిస్ తెస్తుంది. పది ప్యానెళ్లని ఆర్‌ఎస్-485 (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డేటా లైన్) మీద కలుపుతుంటే ఒకదాని నుంచి ఇంకొకదానికి గొలుసులా వెళ్లాలి, చెట్టు కొమ్మల్లా కాదు. 120 ఓమ్స్ రెసిస్టర్ రెండు చివరి పరికరాల దగ్గర మాత్రమే.

సొలెనాయిడ్ కాయిల్స్‌కి సప్రెసర్లు పెట్టారా లేదా కూడా చూడండి. కాయిల్ ఆఫ్ అయిన క్షణంలో వచ్చే వోల్టేజ్ కిక్ చిన్నది కాదు. ఒకచోట ఒక మెషీన్ అప్పుడప్పుడూ కారణం లేకుండా ఆగేది, అదీ పక్కనున్న లిక్విడ్ లైన్ సొలెనాయిడ్ మూసుకున్నప్పుడే. కాయిల్‌కి ఆర్‌సీ సప్రెసర్ (రెసిస్టర్, కెపాసిటర్ కలిపినది) తగిలించాక ఆ గోల పోయింది. అప్పటికి రెండు కార్డులు మార్చి ఉన్నారు. ఏసీ కాయిల్‌కి ఆర్‌సీ, డీసీ కాయిల్‌కి డయోడ్. డయోడ్‌ని తిరగేసి పెడితే సప్లై షార్ట్ అవుతుంది, అది చూసుకోండి.

సెన్సర్ల లెక్కలు ఒకసారి చేత్తో వేసుకుంటే చాలా సందేహాలు పోతాయి. 0 నుంచి 20 బార్ ట్రాన్స్‌మిటర్ (ప్రెషర్‌ని మిల్లీ ఆంప్స్‌గా పంపే సెన్సర్) అయితే 4 మిల్లీ ఆంప్స్ దగ్గర 0 బార్, 12 దగ్గర 10 బార్, 20 దగ్గర 20 బార్. 4 నుంచి మొదలవడం ఊరికే కాదు, వైరు తెగితే 0 వస్తుంది, అది నిజమైన ప్రెషర్ కాదని ప్యానెల్ పసిగడుతుంది. టెంపరేచర్‌కి వాడే పీటీ-100 సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్స్, ఒక్కో డిగ్రీకి సుమారు 0.385 ఓమ్ పెరుగుతుంది. అంటే రెండు వైర్ల కనెక్షన్‌లో వైరు రెసిస్టెన్సే 1 ఓమ్ ఉంటే 2.6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మూడు వైర్లు ఇచ్చింది ఆ తేడా తీసేయడానికే, దాన్ని ఎక్కడో జంక్షన్ బాక్స్‌లో రెండు చేసి తెస్తే ప్రయోజనం లేదు. ట్రాన్స్‌మిటర్ల బాడీ, ఫిట్టింగులు స్టీల్‌వే ఉండాలి. ఇత్తడీ రాగీ అమ్మోనియాకి తట్టుకోవు, ముఖ్యంగా తేమ తోడైతే.

గేజ్ ప్రెషరా (వాతావరణ పీడనాన్ని సున్నాగా లెక్కించేది), ఆబ్సల్యూట్ ప్రెషరా (పూర్తి శూన్యం నుంచి లెక్కించేది) అన్నది ఇంకో పెద్ద తలనొప్పి. మరిగే అమ్మోనియా ప్రెషర్ −10 డిగ్రీల దగ్గర 2.91 బార్ ఆబ్సల్యూట్, గేజ్ మీద సుమారు 1.9. ఆబ్సల్యూట్ సెన్సర్ పెట్టి ప్యానెల్‌లో గేజ్ అని ఎంచుకుంటే, సక్షన్ 2.91 గేజ్ అనుకుంటుంది, అంటే దాని దృష్టిలో టెంపరేచర్ −2, −3 మధ్యలో ఉంది. ఇంకా చల్లబడాలి కదా అని లోడ్ చేస్తూనే పోతుంది, అసలు సక్షన్ ఎక్కడికో దిగిపోతుంది. వాతావరణ పీడనం దగ్గర అమ్మోనియా మరిగేది −33 డిగ్రీలకి, అంతకంటే కిందికి వెళ్తే సిస్టమ్ వ్యాక్యూమ్‌లో ఉన్నట్టే. షాఫ్ట్ సీలు, వాల్వ్ గ్లాండ్లు ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ గాలి లోపలికి వస్తుంది, అది పోయి కండెన్సర్‌లో చేరి డిశ్చార్జ్ ప్రెషర్ పెంచుతుంది. ఆ తర్వాత హై డిశ్చార్జ్ ట్రిప్ వస్తే ఎవరికీ సక్షన్ సెన్సర్ మీద అనుమానం రాదు. అందుకే ప్రతి సెన్సర్‌నీ నమ్మకమైన గేజ్‌తో పోల్చి చూశాకే మొదటి స్టార్ట్.

మొదటి స్టార్ట్‌కి ముందు కప్లింగ్ విప్పి మోటార్ తిరిగే దిక్కు చూడండి. స్క్రూ కంప్రెసర్ వెనక్కి తిరిగితే కొన్ని సెకన్లే చాలు, నష్టం జరిగిపోతుంది. ఆయిల్ పంప్ దిక్కు కూడా. తర్వాత స్లైడ్ వాల్వ్‌ని పూర్తిగా అన్‌లోడ్ వైపు పంపి ఆగినచోట 0, పూర్తిగా లోడ్ వైపు పంపి ఆగినచోట 100 అని ప్యానెల్‌కి నేర్పించాలి. మెషీన్ ఆగి ఉండగా చేయాలా, నడుస్తుండగానా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. స్లైడ్ 50 చూపిస్తే కెపాసిటీ సగం, కరెంట్ సగం అనుకోవద్దు, ఆ లెక్క అలా సమానంగా పోదు.

మోటార్ కరెంట్ దగ్గర రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. 300/5 సీటీ (300 ఆంప్స్‌ని 5కి తగ్గించి ప్యానెల్‌కి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి ప్యానెల్‌లో 200/5 అని వేస్తే, మోటార్ 240 ఆంప్స్ లాగుతున్నా స్క్రీన్ మీద 160 కనిపిస్తుంది, ఓవర్‌లోడ్ రక్షణ పేరుకే ఉన్నట్టు. రెండోది, మోటార్‌ని ముందు స్టార్‌లో, తర్వాత డెల్టాలో కలిపి నడిపే స్టార్-డెల్టా స్టార్టర్‌లో సీటీ ఏ కేబుల్ చుట్టూ ఉందన్నది. వైండింగ్‌కి పోయే కేబుల్ మీద ఉంటే, డెల్టాలో నడుస్తున్నప్పుడు అది చూసేది లైన్ కరెంట్‌లో 58 శాతమే. క్లాంప్ మీటర్ పెట్టి స్క్రీన్‌తో పోల్చండి, రెండు నిమిషాల పని. సీటీ సెకండరీ విప్పి వదిలేసి మాత్రం మోటార్ నడపకండి, అక్కడ వచ్చే వోల్టేజ్ మనిషిని చంపగలదు.

ట్రిప్‌లు అన్నీ మోటార్ నడవకుండానే ఒక్కొక్కటీ పరీక్షించొచ్చు. అయితే ఎమర్జెన్సీ స్టాప్, హై ప్రెషర్ కటౌట్ (ప్రెషర్ హద్దు దాటితే ఆపే స్విచ్) ఈ రెండూ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకుండా తిన్నగా కంట్రోల్ సర్క్యూట్‌ని తెంచేలా వైరింగ్ ఉండాలి. ప్రోగ్రామ్ హ్యాంగ్ అయినా మోటార్ ఆగాలి. సేఫ్టీ వాల్వ్‌కి ప్యానెల్‌తో సంబంధమే లేదు, ప్యానెల్ ఉంది కదా అని దాన్ని పట్టించుకోకుండా ఉండటం కుదరదు.

నడపడంలో నాకు కనిపించే పెద్ద జబ్బు సెట్టింగులు మరీ బిగించడం. సక్షన్ గీత గీసినట్టు ఉండాలని డెడ్ బ్యాండ్ (ప్యానెల్ ఏమీ చేయకుండా వదిలేసే తేడా) తగ్గించేస్తారు, స్లైడ్ నిమిషానికోసారి ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, సొలెనాయిడ్లు అరిగిపోతాయి, గదిలో టెంపరేచర్‌కి మాత్రం ఏ తేడా ఉండదు. కాస్త వదులివ్వండి. రెండు మూడు మెషీన్లు ఉన్నచోట అన్నీ 60 శాతంలో నడపడం కరెంట్ దండగ, స్క్రూ తక్కువ లోడ్‌లో సామర్థ్యం కోల్పోతుంది. ఒకటో రెండో పూర్తి లోడ్‌లో పెట్టి, హెచ్చుతగ్గులు ఒక్కదానికి వదిలేయండి.

మెషీన్ ఆపినప్పుడు కరెంట్ మిగులుద్దని ప్యానెల్ సప్లై కూడా ఆపేసేవాళ్లుంటారు. ఆయిల్ హీటర్ ఆగిపోతుంది, ఆయిల్ సెపరేటర్ చల్లబడి అమ్మోనియా ద్రవంగా మారి ఆయిల్‌లో చేరుతుంది, మళ్లీ స్టార్ట్ చేయగానే అది మరిగి ఆయిలంతా నురగ. ఆయిల్ ప్రెషర్ ట్రిప్. పంప్ విప్పుతారు, ఫిల్టర్ మారుస్తారు, కారణం మాత్రం ముందు రోజు సాయంత్రం ఆపిన స్విచ్.

డిశ్చార్జ్ టెంపరేచర్ పెరిగితే అందరూ కంగారు పడతారు, ఒక్కసారిగా తగ్గితే మాత్రం "చల్లగా నడుస్తోంది" అని సంతోషిస్తారు. కంగారు పడాల్సింది అప్పుడు కూడా. సక్షన్‌లో లిక్విడ్ వస్తోందనడానికి అది గుర్తు కావచ్చు, వెంటనే అన్‌లోడ్ చేసి సక్షన్ వైపు లిక్విడ్ సెపరేటర్ లెవెల్ చూడండి.

ట్రిప్ పడితే రీసెట్ నొక్కే ముందు స్క్రీన్ ఫొటో తీసుకోండి. చాలా ప్యానెళ్లు ఆగిన క్షణంలో ఉన్న రీడింగులన్నీ దాచిపెడతాయి, హిస్టరీలో మొదట వచ్చిన ఫాల్ట్ ఏదో చూడండి, దాని వెనక వచ్చినవి చాలావరకు దాని పర్యవసానాలే. రీస్టార్ట్ డిలే టైమర్‌ని చిరాగ్గా ఉందని తగ్గించొద్దు, వరుస స్టార్టులకి వైండింగ్ వేడెక్కుతుంది, ఆ టైమర్ ఉన్నది మోటార్‌ని కాపాడటానికే. ఇక ట్రిప్ కాంటాక్ట్‌కి జంపర్ (దాన్ని పనిచేయనీయకుండా కలిపేసే వైరు ముక్క) వేసి నడిపే సంగతి... "ఈ ఒక్క రాత్రికి" అని వేసిన జంపర్ తీసేసిన సందర్భాలు నేను ఎక్కువ చూడలేదు. దాని మీద ఇంకేం చెప్పాలి.

ఆటో రీస్టార్ట్ పెట్టుకునే ముందు ఆలోచించండి. కరెంట్ పోయి వచ్చినప్పుడు మెషీన్ దానంతటదే లేస్తుంది, అప్పుడు కప్లింగ్ దగ్గర ఎవరి చెయ్యుందో దానికి తెలియదు. రిపేర్‌కి వెళ్లేవాళ్లు స్క్రీన్ మీద స్టాప్ నొక్కితే సరిపోదు, మెయిన్ ఐసొలేటర్ ఆపి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. అమ్మోనియా వాసన గట్టిగా వస్తుంటే ప్యానెల్ దగ్గరికి వెళ్లి ఏం జరిగిందో చూద్దామని నిలబడకండి, గాలిలో 300 పీపీఎం (పది లక్షల వంతుల్లో 300) దాటితే ప్రాణాపాయం కిందే లెక్క. ఎమర్జెన్సీ స్టాప్ ఒకటి గది తలుపు బయట కూడా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

చివరగా సెట్టింగులు. కొన్ని పాత ప్యానెళ్లలో అవి చిన్న బ్యాటరీ మీద నిలబడతాయి, అది అయిపోయిన రోజు ఫ్యాక్టరీ విలువలు వచ్చి కూర్చుంటాయి, సీటీ నిష్పత్తి, సెన్సర్ రేంజ్ అన్నీ మారిపోతాయి, మెషీన్ మాత్రం ఏమీ తెలియనట్టు స్టార్ట్ అవుతుంది. అన్నీ సరిచేసి నడిపిన రోజే ప్రతి పేజీ కాగితం మీద రాసి, తేదీ వేసి ప్యానెల్ తలుపు లోపల ఒకటి, ఆఫీసు ఫైల్లో ఒకటి ఉంచండి. ఎవరైనా ఒక అంకె మారిస్తే పాతది కొట్టేసి కొత్తది రాసి సంతకం పెట్టాలి. పెన్ను కూడా అక్కడే దారంతో కట్టేయండి, లేకపోతే ఎవరూ రాయరు.