పేరుకి రైతుల పార్టీ

రాత్రి నిద్ర పట్టక తూర్పు జర్మనీ గురించి చదువుతూ గుంటర్ మలోయ్డా దగ్గర ఆగిపోయాను. 1948లో అక్కడ పెట్టిన రైతుల పార్టీకి 1987లో ఈయన అధ్యక్షుడు. విడి పార్టీ అనేది పేరుకే, సీట్లు ఎన్నికలకి ముందే పంచేసుకునేవాళ్లు, మాట మాత్రం కమ్యూనిస్టులదే (తొలి అధ్యక్షుడు గోల్డెన్‌బామ్ కూడా పాత కమ్యూనిస్టే మరి!). మా తాత అయితే "ఇంతకీ అందులో రైతు ఎక్కడ్రా?" అనేవాడు.

కానీ బెర్లిన్ గోడ తెరిచిన నాలుగు రోజులకే, 1989 నవంబర్ 13న, పార్లమెంటు అధ్యక్ష పదవికి రహస్య ఓటింగ్ పెడితే కొద్ది తేడాతో గెలిచింది ఈయనే. అన్నేళ్లు తల ఊపిన సభ్యులు ఆ రోజు నిజంగా ఓటేశారు. మర్నాడు ఆఫీసులో కునికిపాట్లు పడ్డా, ఆ సీనే కళ్లముందు. 1990లో పార్టీ సీడీయూలో (క్రైస్తవ డెమోక్రాట్ల పార్టీ) కలిసిపోయింది, ఈయనేమో 1994లో పీడీఎస్ (పేరు మార్చుకున్న పాత కమ్యూనిస్టు పార్టీ) జాబితా మీద ఏకమైన జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌కి వెళ్లాడు.