ముందు నంబరు రాసుకో

1999-2002 డీసీఎంఈ (కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమా) బ్యాచ్‌లో ఎవరినైనా అర్ధరాత్రి నిద్రలేపి అడగండి, విండోస్ 98 లోడ్ చేయాలంటే ముందు ఏ ఫ్లాపీ పెట్టాలో, హార్డ్ డిస్కుని భాగాలు చేసే ఎఫ్‌డిస్క్‌లో ఏ నంబరు కొట్టాలో తడుముకోకుండా చెప్పేస్తారు. పరీక్షల కోసం బట్టీపట్టినవి మాత్రం అడక్కండి. సావనీర్ కమిటీ వాళ్లు "కాలేజీ డే గురించి, హాస్టల్ సాంబారు గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నువ్వు కంప్యూటర్ ల్యాబ్ గురించి రాయి" అన్నారు కాబట్టి నేను అక్కడ చూసిన ఎర్రర్ల గురించే రాస్తున్నాను. బోరు కొడితే పేజీ తిప్పేయండి, వెనకాల గ్రూప్ ఫోటోలు ఉన్నాయి.

తర్వాతి బ్యాచ్‌ల వాళ్లకి తెలియకపోవచ్చు, అప్పట్లో మన ల్యాబ్ అంటే మేడమీద చివరి గది. చెప్పులు బయట విడవాలి, మానిటర్లకి గుడ్డ కవర్లు, ఒకే ఒక్క ఏసీ, అదీ మనకోసం కాదు, మిషన్ల కోసం. సిస్టమ్స్‌లో సగం ఏదో ఆఫీసు వాళ్లు వాడేసి కాలేజీకి ఇచ్చినవి. పెంటియం ప్రాసెసర్, 32 ఎంబీ ర్యామ్, రెండు జీబీల హార్డ్ డిస్కు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ విండోస్ 98 అడిగేది 486 ప్రాసెసరు, 16 ఎంబీ ర్యామే కాబట్టి మాకు అవి దర్జా మిషన్లే. వాటి మీద ఉన్నది విండోస్ ఎన్‌టీ 4, దాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. అందుకని అంతా చెరిపేసి 98 ఎక్కించమన్నారు. ఆ పని ల్యాబ్ మాస్టారి మీద పడింది, ఆయన మీద పడిందంటే మా మీద పడినట్టే.

ఆయన పోస్టు పేరు ల్యాబ్ అసిస్టెంటే. లెక్చరర్లందరినీ సార్ అనేవాళ్లం, ఆయన్ని మాత్రం మాస్టారూ అని పిలిచేవాళ్లం, ఎందుకో ఎవరూ చెప్పుకోలేదు. ఆయనకి ఒకటే పట్టు. స్క్రీన్ మీద ఎర్రర్ రాగానే కుర్రాళ్లు చేసే మొదటి పని ఎంటర్ కొట్టడం, దానికి పోకపోతే రీసెట్ బటన్ నొక్కడం. ఆయన గది అవతలి చివర నుంచే కేకేసేవారు: "ఒరేయ్, చెయ్యి తియ్యి! ముందు నంబరు రాసుకో, తర్వాత మాట్లాడు." రాసుకోవడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టారు, ఎవరూ ఎత్తుకుపోకుండా పురికొసతో బల్లకి కట్టి. అందులో ఎడమ పక్క నంబరు, దాని పక్కన స్క్రీన్ మీది ఇంగ్లీషు వాక్యం ఉన్నది ఉన్నట్టు, చివర "అంతకుముందు ఏం చేశాం" అని ఒక గడి. ఆ చివరి గడి ఖాళీగా వదిలితే ఊరుకునేవారు కాదు. సెటప్ (విండోస్‌ని ఎక్కించే ప్రోగ్రాము) ఎక్కడ చేతులెత్తేసిందో నంబరు చెప్తుంది, ఎందుకు ఎత్తేసిందో ఆ గడిలో ఉంటుంది అనేవారు.

పుస్తకంలో మొదటి పేజీ ఎస్‌యూ0013 అనే ఎర్రర్ నంబరుది. ఎన్‌టీ మిషన్‌లో 98 బూట్ ఫ్లాపీ పెట్టి సెటప్ కొడితే, స్టార్టప్ డ్రైవ్ మీద ఫైళ్లు తయారుచేయలేకపోతున్నాను, విండోస్ పెట్టలేను అని ఆగిపోయింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది, కింద ఇంకా ఉంది: హెచ్‌పీఎఫ్‌ఎస్ గానీ విండోస్ ఎన్‌టీ ఫైల్ సిస్టమ్ గానీ (ఇవి డిస్కు మీద ఫైళ్లు సర్దే పద్ధతులు) ఉంటే ఎంఎస్-డాస్ బూట్ పార్టిషన్ చేసుకోవాలట, లాన్‌టాస్టిక్ సర్వర్ గానీ సూపర్‌స్టోర్ కంప్రెషన్ గానీ ఉంటే ఆపేయాలట. క్లాసులో సగం మంది అన్నిటికంటే విచిత్రంగా వినిపించిన పేరు పట్టుకుని, ఈ లాన్‌టాస్టిక్ ఎక్కడుందిరా బాబూ అని వెతకడం మొదలుపెట్టారు. మాస్టారు వచ్చి స్క్రీన్ కూడా చూడలేదు, పుస్తకం చూశారు. చివరి గడిలో "పాత ఓఎస్ ఎన్‌టీ" అని రాసి ఉంది. "సమాధానం మీరే రాసిపెట్టుకుని నన్నడుగుతారేంట్రా" అన్నారు.

సంగతేమిటంటే, 98 సెటప్ మొదలయ్యేది విండోస్‌కి ముందు తరం ఓఎస్ అయిన డాస్ మీద, డాస్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్ (అదే ఆ ఎన్‌టీ ఫైల్ సిస్టమ్) చదవడం రాదు. ఎదురుగా డిస్కు తిరుగుతూ ఉన్నా అందులో సి డ్రైవ్ అనేది దానికి లేనట్టే. కాబట్టి ఎఫ్‌డిస్క్ తెరిచి మూడో ఆప్షన్‌లోకి వెళ్లి, అందులో నాలుగోది, నాన్-డాస్ పార్టిషన్ (డాస్‌ది కాని డిస్కు భాగం) తీసేయడం. మళ్లీ వెనక్కొచ్చి ఒకటో ఆప్షన్‌తో ప్రైమరీ డాస్ పార్టిషన్. మిషన్ రీస్టార్ట్. ఆ తర్వాతే ఫార్మాట్. ఎఫ్‌డిస్క్ తెరవగానే లార్జ్ డిస్క్ సపోర్ట్ కావాలా అని అడుగుతుంది, వై కొడితే ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్, ఎన్ కొడితే ఫ్యాట్16, ఫ్యాట్16 అయితే ఒక్కో పార్టిషన్ 2 జీబీ దాటదు. ఇదే ఎఫ్‌డిస్క్ తర్వాత్తర్వాత పెద్ద డిస్కులొచ్చాక ఇంకో వేషం వేసింది, 64 జీబీ దాటిన డిస్కుని అది సరిగ్గా లెక్కపెట్టలేదు, 64 తీసేసి మిగిలిందే చూపిస్తుంది, 80 జీబీ డిస్కు కొని తెచ్చిన జనం దుకాణం వాడు మోసం చేశాడని తగువు పెట్టుకునేవాళ్లు. దానికి కొత్త ఎఫ్‌డిస్క్ విడుదల చేశారు గానీ అది ఎంతమందికి చేరిందో అనుమానమే.

నాకు బాగా నచ్చినది మాత్రం ఎస్‌యూ0018. ఇదీ "ఫైళ్లు తయారుచేయలేను" అనే మొదలవుతుంది కానీ కారణం వేరే, సి డ్రైవ్ రూట్ డైరెక్టరీలో (ఏ ఫోల్డర్‌లోకీ వెళ్లకముందు కనిపించే చోటు) ఫైళ్లు మరీ ఎక్కువైపోయాయి అని. డిస్కులో బోలెడు ఖాళీ ఉంది, ఎక్కువైపోవడం ఏంటి? ఫ్యాట్16లో రూట్ డైరెక్టరీకి 512 ఎంట్రీలే ఉంటాయి, డిస్కు ఎంత పెద్దదైనా అంతే. మా సీనియర్లు టర్బో సి ప్రోగ్రాములన్నీ తిన్నగా సి డ్రైవ్‌లో సేవ్ చేసిపారేశారు, ఒక్కో ప్రోగ్రాంకి సి ఫైలు ఒకటి, బ్యాకప్ ఒకటి, ఆబ్జెక్ట్ ఒకటి, ఈఎక్స్‌ఈ ఒకటి, వెరసి నాలుగు. ఆ లెక్కన నూట ఇరవై ఎనిమిది ప్రోగ్రాములకి రూట్ నిండిపోతుంది, ఒక బ్యాచ్ ప్రాక్టికల్సుకి అదెంత? విండోస్ 95 ఉన్న మిషనైతే ఇంకా తొందరగా నిండుతుంది, పొడుగు పేరున్న ఫైలు ఒక్కటే రెండు మూడు ఎంట్రీలు తినేస్తుంది. డైరెక్టరీ తెరిచి చూస్తే ఫిబొనాకీ, ఫ్యాక్టోరియల్, పాలిండ్రోమ్, మళ్లీ ఫిబొనాకీ. ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ డిలీట్ కొడితే సెటప్ గమ్మున నడిచింది.

సీడీల బాధ ఇంకోటి. 98 బూట్ ఫ్లాపీ ర్యామ్‌లోనే చిన్న డ్రైవ్ ఒకటి సృష్టించి తన టూల్స్ అందులో విప్పుకుంటుంది, దాంతో సీడీ డ్రైవ్ ఒక అక్షరం వెనక్కి జరుగుతుంది. రోజూ డి అని అలవాటైనవాళ్లు డి కొడితే లోపల సీడీ ఉండదు, ఇ కొట్టాలి. ప్రతి ఏడాది ఫస్టియర్ వాళ్లు దీని దగ్గర ఆగిపోయేవాళ్లు. ఇ కొట్టాక సీడీఆర్101 వస్తే డ్రైవ్ ఇంకా రెడీ కాలేదని, డిస్కు సరిగా కూర్చోలేదో, లెన్స్ మీద దుమ్ముందో. సీడీఆర్103 వస్తే డిస్కుని చదివాను గానీ ఇదేం ఫార్మాటో నాకు తెలీడం లేదని. మాస్టారి పద్ధతి వేరు, ఆయన సీడీ నుంచి నేరుగా ఎప్పుడూ లోడ్ చేయనిచ్చేవారు కాదు. సీడీలోని విన్98 ఫోల్డర్ మొత్తం ముందు హార్డ్ డిస్కు మీదికి కాపీ చేయించి, అక్కడినుంచి సెటప్ నడిపించేవారు. కాపీకి టైం పడుతుంది, మాకు విసుగు. కానీ గీత పడిన సీడీ అయితే ఏ క్యాబ్ ఫైలు (విండోస్ ఫైళ్లని కుదించి కట్టిన మూట) దగ్గర పాడైందో కాపీలోనే తెలిసిపోతుంది, సెటప్ సగం అయ్యాక ఏడవక్కర్లేదు. పైగా తర్వాత ప్రింటరో సౌండ్ కార్డో పెట్టినప్పుడు విండోస్ సీడీ పెట్టమని అడగదు, తను ఎక్కడినుంచి లోడ్ అయిందో అక్కడే వెతుక్కుంటుంది. ఈ ఒక్క చిట్కాతో ఉద్యోగంలో నేను సంపాదించిన మర్యాద ఇంతా అంతా కాదు.

ఇక కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు కరెంటు ఎలా ఉండేదో మీకు చెప్పాలా? యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయి అవి ఉత్త ఇనప డబ్బాల్లా పడి ఉండేవి. సెటప్ సరిగ్గా హార్డ్‌వేర్ వెతుక్కునే దగ్గర ఉండగా టప్పున కరెంటు పోయేది. అందరం తలపట్టుకుంటే మాస్టారు మాత్రం టెన్షన్ పడేవారు కాదు, కరెంటు వచ్చాక మళ్లీ ఆన్ చేయమనేవారు, సేఫ్ రికవరీతో ఎక్కడ ఆగిందో అక్కడినుంచి పోయేది. దీని లోపల జరిగేది భలే ఉంటుంది. ఏ పార్టుని తడుముతున్నానో సెటప్ ఎప్పటికప్పుడు డెట్‌క్రాష్.లాగ్ అనే ఫైల్లో రాసుకుంటుంది, క్షేమంగా అయిపోతే ఆ ఫైలు చెరిపేస్తుంది. మిషన్ మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ ఫైలు ఇంకా ఉందంటే, క్రితంసారి ఇక్కడే హ్యాంగ్ అయ్యాను అని అర్థం చేసుకుని ఆ పార్టుని వదిలేసి ముందుకు పోతుంది. అందుకే హార్డ్‌వేర్ దగ్గర హ్యాంగ్ అయితే కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొట్టకూడదు, మెయిన్ స్విచ్ ఆపి కాసేపాగి వేయాలి. మిగతా రోజుల్లో స్విచ్ తిన్నగా ఆపితే వేళ్లు విరగ్గొడతానన్న మనిషే ఇక్కడ మాత్రం ఆపమనేవారు. అయితే కరెంటు కోత సంగతి సెటప్‌కి తెలీదు కదా, సౌండ్ కార్డుని తడుముతుండగా కరెంటు పోయిందనుకోండి, నేరం సౌండ్ కార్డు మీద వేసేస్తుంది. అలా ఏ పాపమూ ఎరగని సౌండ్ కార్డులు మన ల్యాబులో చాలా రోజులు మూగపోయి ఉన్నాయి. పుస్తకంలో వాటి ఎదురుగా "కరెంటు పోయింది" అని రాసి ఉండబట్టే ఎవరూ కొత్త కార్డులు కొనమని ఇండెంట్ పెట్టలేదు.

నంబరే లేని ఎర్రర్లు ఇంకా ఘోరం. ఒక లెక్చరర్ గారు గౌతమి ఎక్కి సికింద్రాబాద్ వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పార్టులు కొనుక్కొచ్చి సొంత సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నారు, కె6-2 ప్రాసెసర్, 400 మెగాహెర్ట్జ్, ల్యాబులో ఉన్నవాటికి తాతలాంటిది. దానికి ఇంట్లో ఉన్న 95 ఎక్కిస్తే ఫస్ట్ రీస్టార్ట్‌లోనే విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్. అంతే, అది తప్ప ఒక్క ముక్క లేదు. ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్దారు (ఈ ఎరేజర్ వైద్యానికి సగం మిషన్లు నిజంగానే లేచేవి, మిగతా సగం మన నమ్మకం), కేబుల్ మార్చారు, జంపర్ మార్చారు. అసలు విషయం తెలిశాక నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు: ఆ మిషన్ తప్పల్లా మరీ వేగంగా ఉండటం. 95 స్టార్ట్ అయ్యేటప్పుడు అందులో ఒక డ్రైవర్ ఓ లూప్ తిప్పి, ఎంతసేపు పట్టిందో చూసి ప్రాసెసర్ స్పీడు లెక్కగడుతుంది. 350 మెగాహెర్ట్జ్, అంతకుమించిన కె6-2 ఆ లూప్‌ని ఎంత తొందరగా చుట్టేస్తుందంటే పట్టిన టైం సున్నా అని వస్తుంది, సున్నాతో భాగహారం చేయబోయి విండోస్ కూలబడుతుంది. దీనికి విడిగా ప్యాచ్ ఉంది. మాకు అది దొరకలేదు, 98 ఎక్కించాం, పోయింది.

కాలేజీ అయ్యాక అందరిలాగే అమీర్‌పేట, మైత్రీవనం చుట్టూ కోర్సులు, ఆ తర్వాత ఉద్యోగాలు. ఎక్స్‌పీ వచ్చింది, ఎస్‌యూ నంబర్ల బదులు నీలం స్క్రీన్ మీద స్టాప్ కోడ్‌లు వచ్చాయి. ఆ కాలం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎర్రర్ నంబరు నెట్‌లో కొడితే జవాబు దొరికేసేది, దొరకనివాటికి ఫార్మాట్ కొట్టేసేవాళ్లు.

అలా ఫార్మాట్ కొట్టబోతుండగా ఆపిన ఒక్క కేసు చెప్పి ఆపేస్తాను. మన బ్యాచ్‌లో డీటీపీ సెంటర్ నడుపుతున్న వాడెవడో మీకందరికీ తెలుసు, పేరు రాస్తే బిల్లు పెంచుతానన్నాడు. వాడి దగ్గర ఇప్పటికీ ఒక ఎక్స్‌పీ మిషన్ ఉంది. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయిందని ఎంత చెప్పినా వినడు, నెట్‌కి కలపను కదా అంటాడు, తెలుగు ఫాంట్లు, పేజీ ఫైళ్లు, ఇరవై ఏళ్ల పెళ్లి కార్డులు అన్నీ అందులోనే. మొన్న వేసవిలో పొద్దున్నే వాట్సాప్‌లో నీలం స్క్రీన్ ఫోటో పెట్టాడు, స్టాప్ 7బి, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్. హార్డ్ డిస్కు పోయిందని రిపేరు కుర్రాడు తేల్చేశాడు. ఎక్స్‌పీ సీడీ పెట్టి చూస్తే అదీ ఈ కంప్యూటర్లో హార్డ్ డిస్కులేమీ కనిపించలేదు అంది, దాంతో వీడికి నమ్మకం కుదిరిపోయింది, కొత్త డిస్కు కొనడానికి బయల్దేరుతున్నాడు.

నేను ఫోన్ చేసి అడిగింది ఒక్కటే, "అంతకుముందు ఏం చేశావురా?" ఏం చేయలేదన్నాడు. అందరూ ముందు అదే అంటారు. కాసేపాగి, టైం ఎప్పుడూ తప్పు చూపిస్తోందని బోర్డు మీద బటన్ సెల్ మార్పించానన్నాడు.

అదీ సంగతి. సెల్ తీయగానే బయాస్ (మిషన్ ఆన్ అవగానే ముందు నడిచే బోర్డు మీది ప్రోగ్రాము) సెట్టింగులన్నీ మొదటికొచ్చేశాయి, హార్డ్ డిస్కుతో మాట్లాడే పద్ధతి, అంటే సాటా మోడ్, పాత ఐడీఈ నుంచి కొత్త ఏహెచ్‌సీఐకి మారిపోయింది. ఎక్స్‌పీ దగ్గర ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు, సెటప్‌లో ఎఫ్6 నొక్కి ఎక్కించుకోవాలి, అదీ ఫ్లాపీలోంచే ఇవ్వాలి, ఇప్పుడు ఫ్లాపీ డ్రైవ్ ఎక్కడ దొరుకుతుంది? బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ తీసి ఐడీఈ పెట్టమన్నాను. వాడు వీడియో కాల్‌లో చూపిస్తూ బాణం గుర్తులు నొక్కుకుంటూ వెళ్లి మార్చి, ఎఫ్10 కొట్టాడు. డెస్క్‌టాప్ వచ్చేసింది, పెళ్లి కార్డులన్నీ ఎక్కడివక్కడే. రిపేరు కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడు పాపం, నాకు నమస్కారమండీ అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు.

ఈ సావనీర్ పేజీలు కడుతున్నది కూడా ఆ మిషన్ మీదే. ఆ బోర్డు గనక పోతే ఐడీఈ మోడ్ ఉన్న ఇంకో బోర్డు కొత్తది దొరకడం కష్టం, కాబట్టి మీ ఇళ్లలో అటక మీద పాత సీపీయూ ఏదైనా ఉంటే పాతసామాన్ల వాడికి వేసేయకుండా వాడికి ఒక ఫోన్ కొట్టండి. ర్యామ్ తీసుకోకుండా బోర్డుతో సహా ఇవ్వండి, వాడు మళ్లీ దానికోసం నాకే ఫోన్ చేస్తాడు.