ఆన్‌లైన్ గణితం ట్యూటర్‌గా చేరిన నా అనుభవం

దరఖాస్తులో నేను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించి నింపిన గడి, ఏ తరగతుల వారికి బోధించదలచారు అన్నది. అన్ని తరగతులనూ ఎంచుకుంటే అవకాశాలు పెరుగుతాయనిపిస్తుంది. కాని ఎనిమిదేళ్ల పిల్లలకు చెప్పే తీరు, పదిహేనేళ్ల వారికి చెప్పే తీరు ఒకటి కావు గనుక, నేను ఆరు నుంచి ఎనిమిది తరగతుల గణితానికే పరిమితమయ్యాను. గుర్తింపు పత్రాలు, విద్యార్హతలు, నేర చరిత్ర లేదన్న ధ్రువీకరణ, సబ్జెక్టు పరీక్ష పెద్ద ఇబ్బంది లేకుండా పూర్తయ్యాయి.

అసలు పరీక్ష డెమో క్లాసు. పరిశీలకురాలు ఆరో తరగతి విద్యార్థినిగా కూర్చుని, 0.5 కంటే 0.125 పెద్దదన్నారు. ఎందుకని అడిగితే "5 కంటే 125 పెద్దది కదా టీచర్" అని జవాబిచ్చారు. దశాంశాలు నేర్చుకునే పిల్లలు తరచుగా చెప్పే జవాబే ఇది. పూర్ణ సంఖ్యల దగ్గర నిలిచిన నియమాన్ని వారు బిందువు తర్వాతి అంకెలకూ వర్తింపజేస్తారు. తప్పని చెప్పి నియమం వల్లించకుండా, వైట్‌బోర్డు మీద 0 నుంచి 1 వరకు సంఖ్యారేఖ గీసి, దాన్ని పది భాగాలు చేసి, రెండు సంఖ్యలూ ఎక్కడ వస్తాయో గుర్తించమని ఆమెకే అప్పగించాను. 0.125 స్థానం 0.1కీ 0.2కీ మధ్యన తేలాక ఇక నేను వివరించవలసినదేమీ మిగలలేదు. నేను ఎంత మాట్లాడానన్నదానికంటే విద్యార్థి చేత ఎంత రాయించానన్నదానికే మార్కులు ఎక్కువని తర్వాత తెలిసింది. అది న్యాయమైన కొలమానమేనని నా అభిప్రాయం.

పరికరాల విషయానికొస్తే, గణితం చెప్పేవారికి పెన్ టాబ్లెట్, అంటే పెన్నుతో రాసినది కంప్యూటర్ తెర మీద కనబడేలా చేసే పలక, తప్పనిసరి. మౌసుతో రాసిన భిన్నంలో ఏది లవమో ఏది హారమో పోల్చుకోవడమే కష్టం. నెట్ ప్రకటనలన్నీ డౌన్‌లోడ్ వేగాన్నే చాటుతాయి గాని, మన గొంతూ బొమ్మా అవతలికి చేరేది అప్‌లోడ్ వేగాన్ని బట్టే.

భద్రతా నియమాలు కఠినంగానే ఉన్నాయి. విద్యార్థితో వ్యక్తిగత ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోరాదు, సమాచారమంతా తల్లిదండ్రుల ద్వారానే సాగాలి, ప్రతి క్లాసూ రికార్డవుతుంది. ఈ ఏర్పాటు పిల్లలకే కాక ట్యూటర్‌కూ రక్షణ.

విద్యార్థులు వచ్చాక అన్నిటికంటే ఇబ్బంది పెట్టినది నోటుపుస్తకం కనబడకపోవడం. "అర్థమైందా?" అంటే తెర అవతలి నుంచి "అయింది" అనే వినిపిస్తుంది, పుస్తకంలో మాత్రం 1/2, 1/3 కలిపితే 2/5 అని ఉండవచ్చు. అందుకే పుస్తకం పైనుంచి కనబడేలా రెండో కెమెరాగా ఇంట్లోని ఫోను అమర్చమని తల్లిదండ్రులను కోరాను. అది కుదరని ఇళ్ల పిల్లల చేత లెక్కంతా వైట్‌బోర్డు మీదనే చేయిస్తాను. అర్థమైందా అని అడగడం మానేసి, సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ రావడం సాధ్యమేనా అని అడుగుతాను. చాలామంది అక్కడే ఆగి, తమ జవాబును తామే కొట్టివేస్తారు.

పరిశీలన కాలం ముగిశాక సంస్థవారు తొమ్మిదో తరగతి కూడా తీసుకోమన్నారు. రేఖాగణితం తెర మీద చెప్పాలంటే బొమ్మలు కదిలించి చూపగలగాలి గనుక, ప్రస్తుతం అందుకు పనికొచ్చే జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ సాధన చేస్తున్నాను. చేయి తిరిగాకే ఒప్పుకుంటానని వారికి తెలియజేశాను.