హిమ్లీ వంకర ఇంటి స్థలం వద్ద

ఇంగ్లండ్ మధ్యభాగంలోని డడ్లీ చాలా పాత సంతపట్టణం. అక్కడి రైల్వేస్టేషను 1964లోనే మూతపడినందున బర్మింగ్‌హామ్ నుంచి బస్సులో చేరుకున్నాను. కొండమీది కోటను, బజారులోని 1867 నాటి ఫౌంటెన్‌ను, ఫుట్‌బాల్ ఆటగాడు డంకన్ ఎడ్వర్డ్స్ విగ్రహాన్ని చూశాను గానీ, నన్ను అంతదూరం రప్పించింది మాత్రం ఊరికి పడమట, హిమ్లీ వైపున ఉండిన ‘క్రూకెడ్ హౌస్’, అంటే వంకర ఇల్లు అనే పబ్బు. హిమ్లీ రోడ్డు నుంచి చీలిన ఇరుకు దారి చివర, కంచె అవతల, ఇప్పుడు ఉన్నది ఖాళీ స్థలమే.

1765లో రైతు ఇల్లుగా కట్టిన ఆ భవనం 1830 ప్రాంతంలో పబ్బుగా మారి, భూస్వామి సర్ స్టీఫెన్ గ్లిన్ వంశం పేరుతో ‘గ్లిన్ ఆర్మ్స్’ అనిపించుకుంది. కింద బొగ్గు తవ్వుతూ పోవడంతో నేల కుంగి, ఇంటి ఒక పక్క రెండో పక్కకంటే సుమారు నాలుగడుగులు దిగిపోయింది. 1940లలో ప్రమాదకరమని కూల్చివేతకు సిద్ధపడగా, ఒక స్థానిక బీరు తయారీ సంస్థ దాన్ని కొని, ఆసరా గోడలూ ఇనుప దూలాలూ పెట్టి, వంకరను సరిచేయకుండా అలాగే నిలబెట్టింది. ఆ నిర్ణయాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. గోడలు, తలుపులు, కిటికీలు అన్నీ ఒకే తీరున వాలి ఉండటం వల్ల కన్ను వాటినే నిటారనుకునేది. అందుకే నిజంగా నిలువుగా ఉన్న గడియారం ఒరిగినట్లు కనిపించేది, బల్లమీద వదిలిన గోళీ ఎగువకు దొర్లుతున్నట్లు తోచేది. తరతరాల పిల్లలు ఆ గోళీని చూడటానికే పెద్దలను అక్కడికి లాక్కొచ్చేవారు.

2023 జులైలో పబ్బు చేతులు మారింది. ఆగస్టు 5 రాత్రి మంటలు లేచాయి. దారికి అడ్డంగా మట్టిదిబ్బలు ఉండటంతో అగ్నిమాపక సిబ్బందికి అక్కడికి చేరడమే కష్టమైంది. ఆగస్టు 7న యంత్రం వచ్చి మొత్తం నేలమట్టం చేసింది. తాము ఒప్పుకున్నది పై అంతస్తులోని కొంత భాగం తొలగింపునకేనని సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్ ప్రకటించింది. ఇంగ్లండ్‌లో 2017 నుంచి ఏ పబ్బును కూల్చాలన్నా ముందస్తు అనుమతి కావాలి. అయితే వారసత్వ జాబితాలో ఉన్న కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చడమే నేరం కాగా, జాబితాలో లేని దాని విషయంలో కౌన్సిల్ చేయగలిగేది చాలావరకు తర్వాత నోటీసు ఇవ్వడమే. ఈ పబ్బు ఆ జాబితాలో లేదు. అంత పేరున్న ఇంటికి ఆ రక్షణ ముందే కల్పించకపోవడం నా దృష్టిలో క్షమించరాని అలక్ష్యం.

మంటలకు ముందున్న రూపంలోనే మూడేళ్లలో తిరిగి కట్టాలని 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ యజమానులను ఆదేశించగా, వారు అప్పీలు చేశారు. అది సాధ్యమేనని నేను నమ్ముతాను. డడ్లీలోని బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియంలో, మరోచోట విప్పి తెచ్చి తిరిగి కట్టిన ‘బాటిల్ అండ్ గ్లాస్’ పబ్బులో కూర్చున్నాను. లండన్‌లో 2015లో అనుమతి లేకుండా కూల్చిన కార్ల్‌టన్ టావెర్న్‌ను కూడా వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ పట్టుబట్టి కట్టించగా 2021లో మళ్లీ తెరిచారు. అయితే వాటి గోడలు నిటారైనవి. హిమ్లీలో మాత్రం, భూమి ఏళ్ల తరబడి తెచ్చిన ఆ వాలును తాపీమేస్త్రీలు కొలతలు చూసి కావాలనే కట్టవలసి ఉంటుంది.