గడప కొలిచిన తర్వాత

అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై, వంగి బండలు తుడవడం కష్టమవుతోందని, నల్లగొండలోని మా ఇంటికి ఊడ్చి తడిగుడ్డ కూడా పెట్టే రోబోను కొనాలని నెల రోజులుగా చూస్తున్నాను. చివరికి రెండు ఖరీదైన రకాల దగ్గర ఆగాను. ఒకదానికి గుండ్రంగా తిరిగే రెండు మాప్ ప్యాడ్లు ఉంటాయి. రోబో తన డాక్‌కు, అంటే ఛార్జ్ అయ్యి మాప్ కడుక్కునే స్టాండుకు, తిరిగి వెళ్లినప్పుడే అవి శుభ్రమవుతాయి. రెండోదానిలో ప్యాడ్లకు బదులు ఉండే మాప్ రోలర్ మీద తుడుస్తున్నంతసేపూ మంచినీళ్లు పడుతూ, పిండిన మురికినీళ్లు వేరే ట్యాంకులోకి పోతాయి కనుక, వంటింట్లో ఒలికిన పప్పు హాలు దాకా పులుముకునే అవకాశం తక్కువ.

దుమ్ము పీల్చే బలాన్ని చెప్పడానికి ప్రకటనల్లో కనిపించే పాస్కల్ అంకెల కన్నా నాకు గడపే ముఖ్యమనిపించింది. నిన్న స్కేలు పెట్టి కొలిస్తే దేవుడి గది గడప 6 సెంటీమీటర్లు ఉంది. చాలా రోబోలు 2 సెంటీమీటర్లకు మించి ఎక్కలేవు. ఎత్తు దాటగల కొత్త మోడళ్లు ఉన్నా, పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మీదుగా తడి రోలర్ పోవడానికి అమ్మ ఒప్పుకోలేదు, నాకూ మనసొప్పలేదు. యాప్‌లోని మ్యాపులో ఆ గదిని నిషిద్ధ ప్రాంతంగా గుర్తిస్తే సరిపోతుంది.

ఇక నీళ్ల సంగతి. మా బోరు నీళ్లు నిలిచిన చోటల్లా తెల్లటి చార కడతాయి. వేడినీళ్లతో మాప్‌ను కడిగే డాక్‌లో అదే పొర హీటరుకు పట్టుకుంటుంది కాబట్టి, కృష్ణా నీళ్లే పోయాలనుకున్నాము.

రోలర్ రకాన్నే ఆర్డర్ చేశాను. డాక్ కోసం అమ్మ బియ్యం డబ్బాను అప్పుడే పక్కకు జరిపింది.