పింజ

మా బాపు పరకాల దగ్గర పత్తి రైతు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచే ఇంట్లో తక్‌పట్టీ, అంటే పత్తి అమ్మిన లెక్క చీటీ, చదివే పని నాది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి మడతలు పెట్టి తెచ్చిన ఆ కాగితంలోని తూకం, ధర, హమాలీ, తూకం వేసే దడ్వాయి కూలి ఒక్కొక్కటే చదువుతుంటే, బాపు వేళ్ల మీద సరిచూసుకునేవాడు. చదువు రాదు గానీ, కూడికలో నా తప్పు రెండుసార్లు పట్టుకున్నాడు.

తర్వాత వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్ సీటొచ్చింది. (2002లో ఎన్‌ఐటీ అయింది, బాపు నోట ఇప్పటికీ ఆర్‌ఈసీయే.) ఊరికి బస్సులో గంటకు కాస్త పైన. సెలవులకు వెళితే "ఏం చెబుతున్నారురా అక్కడ?" అని అడిగేవాడు. "చెప్పినా నీకు అర్థం కాదులే బాపూ" అనేవాడిని. చిన్నచూపుతో అన్నానని ఇప్పటికీ అనుకోను, బద్ధకంతో అన్నాను. బాపుకు మాత్రం రెండూ ఒకేలా వినిపించి ఉంటాయి. అడగడం మానేశాడు.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టి పంట పోయింది. అప్పులపాలై ఎందరో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. నేనప్పుడు మూడో సంవత్సరం. ఇంట్లో అప్పు ఎంతుందో నాకు చెప్పలేదు. వాడికి పరీక్షలున్నాయని బాపు అమ్మను కూడా చెప్పనివ్వలేదట. ఆ ఏడాది తక్‌పట్టీ ఏదని నేనూ అడగలేదు.

ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి కాలేజీలో మెటీరియల్స్ చదువుతోంది. ఒకరోజు ఫోనులో ల్యాబ్ సంగతి అడిగితే "అదంతా పెద్ద కథ నాన్నా, వదిలెయ్" అంది. నేనూ ఇంజినీర్‌నే తల్లీ అనబోయి ఆగిపోయాను.

మొన్న డిసెంబర్లో ఊరికి వెళ్లాం. పత్తి ఏరే రోజులు, ముందు గది నిండా పత్తే. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే తడబడుతుంది. బాపు గుప్పెడు పత్తి తీసి, గింజ వేరు చేసి, దూదిని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగాడు. కలిపి మళ్లీ లాగాడు. పోగులన్నీ ఒక వరుసకు వచ్చాక నల్ల గొంగడి మీద పరిచి "ఇదిగో, పింజ" అన్నాడు. పోగు పొడవుంటే ధర.

పింజను ఇంగ్లీషులో ఏమంటారని అమ్మాయి నన్నడిగింది. పత్తి రైతు కొడుకుని, నాకు తెలియదు!

తమ ల్యాబ్‌లోనూ పోగుల్ని తెగేదాకా లాగి, ఎంత బలానికి తెగాయో, ఎంత సాగి తెగాయో కొలుస్తామని చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. తాతకు చెప్పమంది.

"వీళ్లూ పోగు గట్టిదనం చూస్తారట" అన్నాను.

బాపు నా వైపు చూశాడు. "అది అంతసేపు మాట్లాడింది, నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. అంతా చెప్పు."

అమ్మాయిని మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను.